గరుకయ్య పైకొచ్చిన వైనం

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టాలి కాబట్టి, పెద్దదనే అనుకుందాం. నిజానికి పొద్దున బయల్దేరితే ఎండ ముదిరేలోగా అటు చివరికి చేరిపోవచ్చు. కానీ దానికో మండలి ఉంది, మండలికో అధ్యక్షుడున్నాడు, అధ్యక్షుడికో కార్యదర్శి ఉన్నాడు. ఇన్ని ఉన్నాక అడవి చిన్నదంటే వాళ్ళు ఊరుకుంటారా? పెద్దదే.

అధ్యక్షుడు చిరుతపులి. కార్యదర్శి కొండముచ్చు. మండలి సమావేశాలు ఒక ఇప్పచెట్టు నీడలో జరిగేవి. ఆ చెట్టుకి కాస్త అవతల, ఎండలో ఒక నల్లబండ ఉంది. ఆ బండ మీద గరుకయ్య అనే తొండ, అతని భార్య మంకెనమ్మ కాపురం ఉండేవాళ్ళు.

గరుకయ్యకి మండలి గొడవలేమీ పట్టవు. పొద్దున్నే బండెక్కి ఎండ కాచుకోవడం, ఒళ్ళు వెచ్చబడ్డాక దిగి నాలుగు చీమలు పట్టుకోవడం, మళ్ళీ బండెక్కడం. అంతే అతని బతుకు. ఆ బండంటే మాత్రం ప్రాణం. ఎవరైనా దాని వైపు వస్తే చాలు, ముందుకాళ్ళ మీద లేచి, గొంతు ఎర్రగా చేసుకుని, తల పైకీ కిందికీ ఊపేవాడు. తొండల భాషలో దానికి ఒకటే అర్థం. ఇది నా చోటు, అవతలికి పో.

ఆ భాష రానివాళ్ళు దాన్ని ఏమనుకుంటారో గరుకయ్య ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించే అవసరం కూడా రాలేదు, ఆ రోజు దాకా.

ఆ రోజు చిరుత మండలికి ఒక పథకం వివరిస్తున్నాడు. వానాకాలంలో కప్పలన్నీ ఒక్కసారే అరవడం వల్ల అడవికి చెడ్డపేరు వస్తోందట. కాబట్టి ఇకనుంచి కప్పలు వేసవిలో, వంతులవారీగా అరవాలట. చెప్పడం అయ్యాక అలవాటు ప్రకారం మీసం నాక్కుని, "ఏమంటారు?" అన్నాడు.

ఎలుగుబంటి నేల చూపులు చూస్తున్నాడు. అడవిపంది దుంపేదో దొరికినట్టు మూతి మట్టిలో పెట్టాడు. ముంగిస ఒక్కత్తే లేచి, "వేసవిలో కప్పలు భూమిలోపల పడుకుంటాయి కదండీ, ఇక అరిచేదెవరు?" అంది. మంచి ప్రశ్న. అందుకే మర్నాడే ఆమెను వాగవతల దోమల మడుగుకి బదిలీ చేశారు.

చిరుతకి మనసు చిన్నబోయింది. ఇంత మంచి పథకానికి ఒక్కడూ ఊఁ అనడేమిటని తోక విసురుకుంటూ అటూ ఇటూ తిరుగుతూ, చూసుకోకుండా నల్లబండ దాకా వచ్చేశాడు. బండ మీద గరుకయ్యకి గుండె జారిపోయింది. అంత పెద్ద జంతువు తన బండెక్కడానికే వస్తోందనుకున్నాడు. భయమూ కోపమూ కలిసి గొంతు మోదుగపువ్వు రంగుకి తిరిగింది. ముందుకాళ్ళ మీద లేచి టకటకా తల ఊపాడు. పో, పో, పో.

చిరుత ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, "చూశారా," అన్నాడు. "ఇంతమందిలో ఒక్కడికి అర్థమైంది. ఒక్కడికి."

కొండముచ్చు వెంటనే అందుకున్నాడు. "అర్థమవడం ఒక్కటేనా అయ్యా, ఆనందంతో మొహం ఎర్రబడిపోయింది చూడండి."

"నీ పేరేమిటయ్యా?" అన్నాడు చిరుత.

"గరుకయ్యండి," అన్నాడు తొండ, ఇంకా ఊపుతూనే.

"మండలిలో చేరతావా?"

ఎదురుగా చిరుత నిలబడి ఉంటే తల ఎలా ఆగుతుంది చెప్పండి. అలా గరుకయ్య మండలి సభ్యుడయ్యాడు.

సాయంత్రం మంకెనమ్మ జరిగిందంతా విని నోరు వెళ్ళబెట్టింది.

"నువ్వు పొమ్మంటే వాళ్ళకి రమ్మన్నట్టు వినబడిందా? అదేం చెవుడయ్యా?"

"చెవులు బాగానే ఉన్నాయి. వాళ్ళు చూసింది తలని."

"మరి అది అవుననడం కాదని చెప్పకపోయావా?"

"చెబుదామనే అనుకున్నానే. ఇంతలో ఇది చేతికిచ్చారు," అని గరుకయ్య ఒక ఆకుదొన్నె ముందు పెట్టాడు. నిండా చెదపురుగులు, తెల్లగా, బొద్దుగా, ఇంకా కదులుతున్నాయి. మండలి సభ్యులకి ప్రతి పొద్దునా ఇలా ఒక దొన్నె వస్తుందట.

మంకెనమ్మ దొన్నె వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. ఒకటి నోట్లో వేసుకుంది. "సరే, రేపు చెప్పు," అంది నములుతూ.

రేపు దొన్నె వచ్చింది, మాట రాలేదు. ఎల్లుండీ అంతే. చిరుతకి గరుకయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడటం అలవాటైపోయింది. తను ఏం చెప్పినా అతను తల ఊపుతాడు. తను ఇంకా దగ్గరికి జరిగితే ఇంకా గట్టిగా ఊపుతాడు. ఇంతకన్నా నమ్మకస్తుడు ఎక్కడ దొరుకుతాడని మురిసిపోయి, కొన్నాళ్ళకి అతన్ని సలహాదారుని చేశాడు. ఏం సలహా ఇచ్చాడని మీరు అడక్కండి. అలా అడిగిన కుందేలు ఇప్పుడు దోమల మడుగులో ముంగిసకి తోడుగా ఉంది. ఎండాకాలం వచ్చేసరికి గరుకయ్య మండలికి ఉపాధ్యక్షుడు.

ఇక అడవంతా ఒకటే మాట. గరుకయ్య పైకొచ్చాడు. నిన్నమొన్నటి దాకా చీమలు ఏరుకుని తిన్నవాడు ఎంత పైకొచ్చాడో చూశారా అని ఒకళ్ళు, కష్టపడ్డాడండీ ఊరికే వస్తారా అని ఇంకొకళ్ళు. కొండముచ్చు ఊరుకోలేక సన్మానం పెట్టించాడు. టేకాకు శాలువా కప్పారు. అది గరుకయ్యని తోకతో సహా మూసేస్తే, మళ్ళీ పైకెత్తి తల బయటికి తీశారు.

"ఉపాధ్యక్షులవారూ, మీ విజయ రహస్యం చెప్పండి. యువతరం ఎదురుచూస్తోంది," అన్నాడు కొండముచ్చు.

గరుకయ్యకి చెమటలు పట్టాయి. తొండలకి చెమట పట్టదు, అయినా పట్టినట్టే అనిపించింది. చెప్పేద్దామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. "అసలు నేను ఆ రోజు..." అని మొదలుపెట్టేసరికి మొదటి వరసలో చిరుత కనబడ్డాడు, ఆయన పక్కన రేపటి దొన్నె కనబడింది.

"అసలు నేను పొద్దున్నే లేస్తానండి," అన్నాడు.

చప్పట్లు మోగాయి. గరుకయ్యకి ధైర్యం వచ్చింది.

"లేచి సూర్యుడికి ఎదురుగా కూర్చుంటాను. పట్టుదల ఉండాలండీ. క్రమశిక్షణ ఉండాలి. పెద్దలు చెప్పింది శ్రద్ధగా వినాలి." ఇంకా చాలానే చెప్పాడు. కూర్చునే వేళకి తనే నమ్మేశాడు. నేనెంత కష్టపడ్డాను పాపం అని తన మీద తనకే జాలేసింది.

మర్నాడు పొద్దున్నే గుడ్లగూబ తూర్పుకి తిరిగి కూర్చుని, కళ్ళలో నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యకుండా సూర్యుణ్ణి చూస్తోంది. పైకి రావద్దూ మరి.

కొండముచ్చు తెలివైనవాడు. పొద్దున్నే లేవడం, పట్టుదల, ఇవన్నీ పైపై మాటలని అతనికి తెలుసు. అసలు విద్య ఆ తలలో ఉందని కనిపెట్టి ఒక శిక్షణ కేంద్రం తెరిచాడు. మొదట మెల్ల ఊపు నేర్పేవాడు. అది వచ్చాక వినయపు ఊపు. అన్నిటికన్నా పెద్ద విద్య, ఎదుటివాడు చెప్పకముందే ఊపడం. తాబేలు ఊపబోయినప్పుడల్లా తల డిప్పలోకి పోయేది, అందుకని అతన్ని ఫెయిల్ చేశారు. అడవిపందికి మెడ లేదు కాబట్టి ఒళ్ళంతా ఊపాల్సి వచ్చేది, అయినా సాధన చేసి ఫస్టుక్లాసు తెచ్చుకున్నాడు. గొంతు ఎర్రబడాలని అందరూ మోదుగపూలు నలిపి పూసుకునేవాళ్ళు. చిరుత కూడా చాటుగా వచ్చి నేర్చుకున్నాడని చెప్పుకుంటారు. ఆయన ఎవరికి ఊపాలో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లోనే మంకెనమ్మ గుడ్లు పెట్టింది. బండకి తూర్పు పక్కన మెత్తటి మన్ను ఉంది. పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం బండ నీడ పడుతుంది. అక్కడ చిన్న గుంట తీసి, గుడ్లు పెట్టి, మన్ను కప్పి, మీద నాలుగుసార్లు తొక్కి చదును చేసింది.

"ఏ తల్లికీ ఇంత మంచి చోటు దొరకదయ్యా," అంది.

గరుకయ్య ఆ చదును చేసిన మన్ను వైపు చాలాసేపు చూశాడు. మండలి, శాలువా, ఉపాధ్యక్ష పదవి ఏవీ ఇవ్వని సంతోషం ఏదో కలిగింది. దాంతోపాటే ఎందుకో భయం కూడా వేసింది.

ఆ వారమే చిరుత మండలిలో లేచి నిలబడ్డాడు.

"ఈ ఇప్పచెట్టు నీడలో మనం కిందనే ఉండిపోయాం," అన్నాడు. "గరుకయ్యగారు ఎక్కడి నుంచి పైకొచ్చారు? ఆ బండ మీది నుంచి. కాబట్టి మండలిని ఆ బండ మీదికి మారుస్తున్నాం. అందరం కలిసి పైకొద్దాం. ఎక్కడానికి తూర్పు పక్కన మెట్లు తవ్విస్తున్నాం. ఏమంటారు?"

ఆఖరి మాట పూర్తి కాకముందే తలలన్నీ ఊగాయి. ఆ గాలికి ఎండుటాకులు లేచాయి.

గరుకయ్యకి ఒళ్ళంతా మంట పుట్టింది. తూర్పు పక్కన. గుడ్ల మీద. మండలి సమావేశంలో మొదటిసారి నోరు తెరిచి, "వద్దండీ," అన్నాడు.

అన్నాడు కానీ, కోపమొస్తే తొండ తల ఊరుకుంటుందా? గొంతు కందిపోయి, తల ముందెన్నడూ లేనంత జోరుగా పైకీ కిందికీ ఊగుతోంది. నోరు వద్దంటోంది. తల అవునవునంటోంది.

చిరుత కార్యదర్శి వైపు చూశాడు. "ఏమిటది?"

"మొహమాటమయ్యా," అన్నాడు కొండముచ్చు నవ్వుతూ. "సొంత ఇల్లు కదా, అడగ్గానే ఇచ్చేస్తే బాగుండదని మాటవరసకి వద్దంటున్నారు. తల చూడండి, ఎంత ఆత్రపడుతోందో."

"నిజమే," అన్నాడు ఎలుగుబంటి. "మా అత్తగారు ఇంకాస్త తేనె వడ్డించబోతే నేనూ వద్దు వద్దనే అంటాను. ఒకసారి నిజంగానే వడ్డించడం మానేసింది. ఇంటికొచ్చి ఏడ్చాను."

"నేను నిజంగానే వద్దంటున్నానండీ. అక్కడ..."

"రెండోసారి కూడా అన్నారు," అన్నాడు కొండముచ్చు కళ్ళు తుడుచుకుంటూ. "ఈ రోజుల్లో ఇంత సంస్కారం ఎవరికుంది?"

చప్పట్లలో మిగతా మాటలు కొట్టుకుపోయాయి. బండకి గరుకయ్య వేదిక అని పేరు కూడా పెట్టేశారు.

ఇంటికొచ్చిన మొగుణ్ణి మంకెనమ్మ నిలదీసింది. "నీ నోరేమైంది?"

"నోరు చెప్పిందే. తల దాని మాట వినలేదు."

"మొదటి రోజే చెప్పి ఉంటే నీ నోటికి విలువుండేది. దొన్నెడు పురుగులకి నోరు మూసుకుని కూర్చుంటివి. నేనూ తిన్నానులే, నిన్నొక్కణ్ణే అనడమెందుకు," అని ఆమె గుడ్ల మీద మన్ను సర్దుతూ మొహం తిప్పుకుంది. గరుకయ్య సిగ్గుతో చితికిపోయాడు.

తెల్లారగానే అడవిపంది మెట్లు తవ్వడానికి వచ్చాడు. వెనక ఎలుగుబంటి, పర్యవేక్షణకి కొండముచ్చు, ప్రారంభోత్సవానికి చిరుత. గరుకయ్య పరుగున వెళ్ళి అడవిపంది మూతికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక్కడ మా గుడ్లున్నాయి. తవ్వకు."

అడవిపంది ఎంతో శ్రద్ధగా విన్నాడు. ఒళ్ళంతా కదిలేలా తల ఊపాడు. గరుకయ్యకి ప్రాణం లేచొచ్చింది. అడవిపంది అతన్ని మూతితో సుతారంగా పక్కకి జరిపి, తవ్వడం మొదలుపెట్టాడు.

గరుకయ్య ఎలుగుబంటి దగ్గరికి ఉరికాడు. "అయ్యా, మీరైనా చెప్పండి. అక్కడ గుడ్లున్నాయి."

ఎలుగుబంటి బాధగా తల ఊపాడు. ఊపి, తవ్విన మన్ను పక్కకి లాగడానికి వెళ్ళాడు.

కొండముచ్చు కాళ్ళ మీద పడ్డాడు. కొండముచ్చైతే గరుకయ్య చెప్పకముందే ఊపాడు. చిరుత దగ్గరికి వెళ్ళి, ప్రాణభయం కూడా మర్చిపోయి, "మా పిల్లలండీ," అన్నాడు. చిరుత కళ్ళు మూసుకుని గంభీరంగా, మెల్లగా, చాలా అందంగా తల ఊపాడు. గరుకయ్య చుట్టూ చూశాడు. అందరి తలలూ ఊగుతున్నాయి, మన్ను మాత్రం లేస్తూనే ఉంది. ఇదంతా తన దగ్గర నేర్చుకున్నదేనని అప్పుడు అర్థమై అతనికి ఏడుపొచ్చింది.

మంకెనమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆమె ఏ సన్మానానికీ వెళ్ళలేదు, శిక్షణా తీసుకోలేదు. అడవిపంది మూతి గుడ్ల దాకా రాగానే ఎగిరి, ముక్కు మెత్తగా ఉండే చోట పళ్ళు దించి, వేలాడింది.

అడవిపంది అరిచిన అరుపు వాగవతల ముంగిసకి కూడా వినబడిందట. ఎంత విదిలించినా మంకెనమ్మ వదల్లేదు. చివరికి అతను ఏడుస్తూ వెనక్కి వెనక్కి నడిచి, బండ పడమటి పక్కకి చేరాక వదిలి దిగింది. దిగి నింపాదిగా వచ్చి, గుడ్ల మీద కూర్చుని, ఇంకెవరైనా వస్తారా అన్నట్టు చూసింది.

"ఈవిడ ఏమంటోంది?" అన్నాడు చిరుత రెండడుగులు వెనక్కి వేసి.

కొండముచ్చు తన ముక్కు తడుముకుంటూ ఒక్క క్షణం ఆలోచించాడు. "వాస్తు అయ్యా. తూర్పున మెట్లు మండలికి అచ్చిరావట. పడమటి పక్క తవ్వమంటున్నారు. అందుకే పందిగారిని స్వయంగా అక్కడిదాకా తీసుకెళ్ళారు."

"మంచి సలహా," అన్నాడు చిరుత. అందరూ తల ఊపారు.

అలా మెట్లు పడమటి పక్కకి పోయాయి. గుడ్లు మిగిలాయి, బండ మాత్రం పోయింది.

మర్నాడు దొన్నె పట్టుకుని కొండముచ్చే స్వయంగా వచ్చాడు. ఉపాధ్యక్షులవారి కోసం వేదిక మీద మొదటి ఆసనం సిద్ధంగా ఉందన్నాడు. గరుకయ్య ఎక్కడా కనబడలేదు. వెతగ్గా వెతగ్గా, పక్కనున్న రేగుపొద కింద, రెండు రాళ్ళ మధ్య సందులో తల బిగించుకుని పడుకుని ఉన్నాడు. అటూ కదలదు, ఇటూ కదలదు.

"ఇదేమిటి గరుకయ్యగారూ? రండి."

"నేను రాను," అన్నాడు గరుకయ్య.

ఆ తల ఊగుతుందేమోనని కొండముచ్చు చూశాడు. ఊగలేదు. వంగి మళ్ళీ చూశాడు. రాతి సందులో తల శిలలా ఉంది.

"రానంటే... రాననేనా?"

"రాను. మొదటి రోజు కూడా నేను అవుననలేదు. మిమ్మల్ని పొమ్మన్నాను. రోజూ పొమ్మనే అన్నాను."

కొండముచ్చుకి అలాంటి మాట విని చాలాకాలమైంది. ఏం చెయ్యాలో తోచక తల ఊపబోయి, మధ్యలో ఆపేసి, దొన్నె తీసుకుని వెళ్ళిపోయాడు. గరుకయ్య తల బయటికి తీసుకోవడానికి మంకెనమ్మ కాసేపు తోక పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఆ పూట ఇద్దరూ చీమలే తిన్నారు. గరుకయ్యకి కడుపు నిండింది.

కొత్త వేదిక మీద మండలి కొలువుదీరింది. మండు వేసవి, మిట్టమధ్యాహ్నం, నల్లబండ. తొండలకైతే స్వర్గం. తక్కినవాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి. ఎలుగుబంటి బొచ్చు నుంచి కమురు వాసన వస్తోంది. అడవిపంది కూర్చోలేక లేచి, నిలబడలేక కూర్చుంటున్నాడు. చిరుత ముందరి కుడిపాదం ఎత్తి ఎడమది పెట్టి, ఎడమది ఎత్తి కుడిది పెట్టి, పళ్ళ బిగువున నవ్వుతూ అన్నాడు.

"చోటు బ్రహ్మాండంగా ఉంది. ఏమంటారు?"

అందరి తలలూ ఒక్కసారే ఊగాయి. ఇంతమందికి బాగున్న చోటు నాకొక్కడికే కాలుతోందంటే ఏం బాగుంటుందని చిరుత కూడా ఊపాడు. సమావేశం సాయంత్రం దాకా పొడిగించారు. మర్నాడూ అక్కడే పెట్టారు. ఆ మర్నాడూ అంతే.

రేగుపొద నీడలోంచి గరుకయ్య రోజూ చూసేవాడు. ఒక పొద్దున బండకి తూర్పున మన్ను కదిలింది. అగ్గిపుల్లలంత తొండపిల్లలు ఒక్కొక్కటే తల బయటపెట్టి, ఒళ్ళు దులుపుకుని, పొదలోకి పరుగెత్తుకొచ్చాయి. వచ్చీ రాగానే తల్లి వైపు తిరిగి బుల్లి బుల్లి తలలు ఊపాయి.

"నన్నే పొమ్మంటున్నాయి వెధవలు," అని మంకెనమ్మ మురిసిపోయింది.

గరుకయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. తర్వాత బండ వైపు చూశాడు. పైన సమావేశం మొదలైంది. కాళ్ళు మార్చుకుంటూ, పళ్ళు బిగించుకుని, అందరూ తలలు ఊపుతున్నారు.

"పాపం, అరికాళ్ళు బొబ్బలెక్కాయే," అన్నాడు. "దిగి చెట్టు కిందికి పోవచ్చు కదా. ఎందుకు దిగరు?"

మంకెనమ్మ పిల్లల మీద అంటిన మన్ను నాకుతూ, తల ఎత్తకుండానే అంది. "ఎలా దిగుతారయ్యా? పైకొచ్చినవాళ్ళు కదా."

నీతి లేనిదే లేవమనేవాళ్ళ కోసం ఒక్క ముక్క: పైకి రావాలంటే తల ఆడితే చాలు, కిందికి దిగాలంటేనే నోరు పెగలాలి.